కుడి పక్క అలలు

చిరంజీవి కోహెయికి మినాకో అక్క ఆశీస్సులు. ఒసాకాలో నేనూ అమ్మా కులాసా. నువ్వు ఒటారు నుంచి పంపిన ఎండు సాల్మన్ చేప అందింది. అమ్మ మోకాలి సంగతి అడిగావు. నయమే, మెట్లెక్కినప్పుడల్లా నన్ను తిట్టే ఓపిక వచ్చింది.

ఇక నీ సముద్రం బొమ్మ సంగతి. దాన్ని ఆ పిక్సెల్ బొమ్మల పోటీకి, అదే, చిన్న చిన్న గళ్ళు నింపి గీసే బొమ్మల పోటీకి పంపననీ, కంప్యూటర్లో గీసినవన్నీ చెరిపేస్తాననీ రాశావు. చదివి ఒళ్ళు మండింది. ఫోన్ ఎత్తవు కనుక ఉత్తరమే గతి.

బొమ్మలు పెట్టే సైటులో "ఉప్పుచేప" అనే పేరుతో ఎవరో నీ వెంట పడ్డారని ఏడ్చావు. "ఇవి అలలు కావు, దిండ్లు" అన్నారట. నిజమే కదరా. ప్రతి అలకీ అంచుల్లో ముదురు నీలం, నడుమ ఒక పక్కకు ఒరిగిన తెలుపు. సూర్యుడు ఎడమ పక్క దిగుతుంటే కుడి పక్క అలలకు కుడినుంచి వెలుగెలా పడింది? ఒకే అల గీసి, దాన్నే తిప్పి రెండో పక్క అతికించావు. మా వీడియో ఆటల కంపెనీలో మేమూ పని తగ్గుతుందని అలాగే చేస్తాం, కానీ అలతోపాటు వెలుగూ తిరిగిపోతుంది. బొమ్మలో ఆ బండరాయి అయితే అచ్చం అన్నం ముద్ద.

మొన్న అమ్మకు చూపించాను.

"వీడు పరుపులెందుకు ఆరేశాడే?" అంది.

"సముద్రమమ్మా."

"అలాగా. వాడితో అనకు, అన్నం మానేస్తాడు. బాగుందని రాసెయ్."

ఇదే మన ఇంటి జబ్బు. నువ్వు ఏ బొమ్మ పంపినా "బాగుందిరా" అంటూ వచ్చాను. ఆ మాటంటే నాకే విసుగు పుట్టింది. ఉన్నమాట అంటే అలుగుతావు, అనకపోతే పోటీలో బోర్లా పడతావు. ఏం చేసి చావమంటావు?

"ఆ ఉప్పుచేపను నువ్వైనా నాలుగు దులిపెయ్ అక్కా" అన్నావు. దులపలేను. మొదటి వాక్యానికే అలిగి మూసేసి ఉంటావు, కింద ఏం రాసి ఉందో చూశావా? "ఈ నురగ ఒడ్డున నిలబడి చూసినవాడు గీసింది. దీన్ని ముట్టుకోవద్దు" అని ఉంది. ఆ రెండు ముక్కలు రాయడానికి నాకు ఒక పూట పట్టింది.

తిట్టుకుంటే తిట్టుకో. బొమ్మ మాత్రం చెరపకు. కుడి పక్క అలలు మళ్ళీ గియ్యి.

ఇట్లు,
నీ అక్క,
ఉప్పుచేప