కొమురెల్లికి మూడు ప్రాణాలు

హన్మకొండ,
12 జూలై 1987

పూజ్యులైన బావగారు సారంగపాణి గారికి,

మీ చెల్లెలు సరస్వతి భర్త వెంకట్రాజం నమస్కరించి రాయునది. మేమందరం క్షేమం. మీరూ, సమ్మమ్మక్కా క్షేమమని తలుస్తాను. నాట్లు పడ్డాయా?

షాపులో స్టీలు గిన్నెల నడుమ కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో నాకు చోటు లేదు. ముందు గదిలో టీవీ ఉంది, టీవీ ముందు మీ మేనకోడలు పద్మ ఉంది.

తప్పు నాదే. తొమ్మిదో తరగతిలో క్లాస్ ఫస్ట్ వచ్చిందని మురిసిపోయి, కాజీపేటలో ఉండే మా రైల్వే గార్డు యాదగిరితో బొంబాయి నుంచి వీడియో గేమ్ డబ్బా ఒకటి తెప్పించాను. దాన్ని టీవీకి తగిలిస్తే తెర మీద బొటనవేలంత మనిషి వస్తాడు. ఎర్ర అంగీ. పద్మ చేతిలో ఒక పిడి ఉంటుంది. దాన్ని ఎటు వంచితే వాడు అటు ఉరుకుతాడు. గుట్టలెక్కుతాడు, గుంతలు దుముకుతాడు. పై నుంచి రాళ్లు పడి చస్తాడు. చచ్చి మళ్లీ లేస్తాడు. మొత్తం మూడు ప్రాణాలు. పద్మ వాడికి కొమురెల్లి అని పేరు పెట్టింది.

ఈ ఏడు పదో తరగతి. బడి నుంచి వస్తుంది, సంచీ ఓ మూల పడేస్తుంది, కూర్చుంటుంది. "బిడ్డా, లెక్కలు చేసుకోవా?" అంటే "జర ఆగు బాపు, కొమురెల్లి గుట్టమీదున్నడు" అంటుంది. వాడు గుట్ట దిగేది లేదు, ఈమె పుస్తకం తీసేది లేదు. మేనమామ మాట వింటుందని మీకు రాస్తున్నాను.

మీ బావ,
వెంకట్రాజం

తా.క. సిరా అయిపోయింది, పెన్సిల్‌తో రాస్తున్నాను. నిన్న కొమురెల్లి గుంతలో పడ్డాడు. పద్మ పొద్దటి నుంచి అన్నం ముట్టలేదు. సరస్వతి ఒకటే ఏడుపు.


పాలంపేట,
21 జూలై 1987

బావ వెంకట్రాజానికి సారంగపాణి ఆశీస్సులు.

నీ ఉత్తరం ముట్టింది. ముట్టింది అంటే కాగితం ముట్టింది. మా పోస్ట్‌మన్ రామలింగం వాగు దాటుతూ సైకిల్‌తో సహా నీళ్లల్లో కూర్చున్నాడు. కాగితాన్ని ఆరబెట్టి చూస్తే సిరా అంతా కలిసిపోయి ఒకటే నీలం మరక. నేనూ మీ అక్కా దాన్ని చాలాసేపు చూశాం. ఆమెకు అందులో నెమలి కనపడ్డది. చదవడానికి మాత్రం ఏమీ లేదు. అడుగున పెన్సిల్‌తో రాసిన తా.క. ఒక్కటే మిగిలింది.

అది చదివిన దగ్గర నుంచి నాకు నిద్ర లేదు. ఎవరయ్యా ఈ కొమురెల్లి? ఏ ఊరు? ఎవరి కొడుకు? గుంతలో ఎట్లా పడ్డాడు? దవాఖానకు తీసుకుపోయారా? వాడు పడితే మన పిల్ల అన్నం మానడం ఏమిటి? పదిహేనేళ్ల పిల్ల. సంగతి ఎందాకా వచ్చిందో దాచకుండా రాయి. తొందరపడి చెయ్యి చేసుకోకు.

సమ్మమ్మ పక్కనే నిలబడి "ఫికర్ చెయ్యకుండ్రి అని రాయి" అంటోంది. రాశాను. నేను మాత్రం చేస్తున్నాను.

నీ మేలు కోరే,
సారంగపాణి

తా.క. సమ్మమ్మ ఇంకొకటి అడగమన్నది. పిల్లగాడు చూడటానికి ఎట్లుంటడు?


హన్మకొండ,
29 జూలై 1987

పూజ్యులైన బావగారికి,

మీ ఉత్తరం చదివి షాపులో ఒక్కడినే నవ్వాను. బిందె కొనడానికి వచ్చినాయన బిందె దించి నన్నే చూశాడు. ఉత్తరం తడిసిందట! నా పెళ్లిలో నా చెప్పులు మీరే దాచి, కుక్క ఎత్తుకుపోయిందని దేవుడి మీద ఒట్టు పెట్టిన మనిషి మీరు. మీ పరాచికాలు నాకు తెలియవా?

మీ ప్రశ్నలన్నీ పద్మకు చదివి వినిపించాను. చాలా రోజులకు పకపకా నవ్వింది. ఒక్కొక్కటి అడిగితే ఒక్కొక్క జవాబు చెప్పింది. ఇవిగో, రాసుకోండి. కొమురెల్లికి తల్లీ లేదు, తండ్రీ లేడు. బొంబాయి నుంచి రైల్లో వచ్చాడు. మా ముందు గదిలోనే మకాం. తిండి అడగడు, నీళ్లు అడగడు. నెత్తి మీద రాయి పడ్డా నోరు తెరవడు. పద్మ చెయ్యి వేస్తే తప్ప అడుగు కదపలేడు. ఉన్నది ఒకటే ఎర్ర అంగీ. చాలా?

ఇక నవ్వు మాట పక్కన పెట్టండి బావగారూ. ఆ సాయంత్రమే లెక్కల పరీక్ష కాగితం తెచ్చింది. వందకు ముప్పై ఎనిమిది. క్లాస్ ఫస్ట్ వచ్చిన పిల్ల! అప్పటికప్పుడు కొమురెల్లిని తీసుకుపోయి బియ్యం గదిలో పెట్టి తాళం వేశాను. పద్మ ఏడవలేదు, అరవలేదు. "సరే బాపు" అన్నది. అంతే, అప్పటి నుంచి నాతో మాట లేదు. పుస్తకం తెరుస్తుంది, కిటికీలోంచి బయటికి చూస్తుంది. తిట్టినా బాగుండేది.

మీ బావ,
వెంకట్రాజం

తా.క. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. మూడు రోజుల నుంచి వాడికి కరెంటు కూడా లేదు.


పాలంపేట,
4 ఆగస్టు 1987

బావా,

ముందు తాళం తియ్యి. తీసిన తర్వాత కూర్చుని ఈ ఉత్తరం చదువు.

తీశావా? ఇప్పుడు చెప్పు, నువ్వు మనిషివేనా? తల్లీ తండ్రీ లేనివాడు. రాయి దెబ్బకు మాట పడిపోయినవాడు. పట్టుకుంటే తప్ప నడవలేనివాడు. అటువంటివాడిని చీకట్లో, బియ్యం బస్తాల నడుమ మూడు రోజులు! మా చెల్లెలు ఎట్లా ఊరుకున్నది? సమ్మమ్మ నీ ఉత్తరం విన్నప్పటి నుంచి పొయ్యి ముట్టించలేదు.

ములుగు బస్సు డ్రైవర్ కట్టయ్యతో ఒక మూట పంపుతున్నాను. అందులో కొత్త అంగీ ఉంది. నీలంది, వదులుగానే కుట్టించాను. కాళ్లకు రాయడానికి నూనె సీసా ఉంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మర్దన చెయ్యాలి. నువ్వే చెయ్యాలి.

ఇంకొక మాట. పద్మ వాడి దగ్గర కూర్చుని ఏం చేస్తుంది? ఏం మాట్లాడుతుంది? ఇవేమీ నువ్వు రాయలేదు. నీకు తెలియదు కాబట్టి రాయలేదని నా అనుమానం. పక్కన కూర్చుని చూసి రాయి.

కోపంతో,
సారంగపాణి

తా.క. నూనెకు ఘాటు ఎక్కువ. కళ్లల్లో పడనియ్యకు.


హన్మకొండ,
9 ఆగస్టు 1987

బావగారికి వెయ్యి నమస్కారాలు.

మూట ముట్టింది. విప్పి చూసి మతి పోయింది. అయితే ఉత్తరం నిజంగానే తడిసిందా? అయ్యో బావగారూ!

కొమురెల్లి మనిషి కాడు. బొమ్మ. టీవీలో బొమ్మ. వీడియో గేమ్ అనే ఆటలో ఉరికే బొమ్మ. బొటనవేలంత ఉంటాడు. మీరు పంపిన అంగీ జేబులో అటువంటివాళ్లు వందమంది పడతారు. నేను ఏ అనాథనూ గదిలో వెయ్యలేదు. ఈ సంగతి దయచేసి మీ ఊళ్లో అందరికీ చెప్పండి. నిన్న కట్టయ్య మూట ఇస్తూ నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. "పిలగాడు బతికే ఉన్నడా సేటూ?" అని షాపుకొచ్చిన గిరాకీల ముందు అడిగాడు.

పద్మ ఆ అంగీని మడతపెట్టి తన పుస్తకాల పక్కన పెట్టుకున్నది. నాతో ఇంకా మాట లేదు.

సిగ్గుపడుతూ,
వెంకట్రాజం

తా.క. నూనె నేనే రాసుకుంటున్నాను. మోకాళ్లకు బాగానే ఉంది.


పాలంపేట,
15 ఆగస్టు 1987

బావ వెంకట్రాజానికి,

బొమ్మ అంటున్నావు. ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను. నమ్మాలనే ఉంది. కానీ బొమ్మ గుంతలో పడితే పిల్ల అన్నం మానుతుందా? బొమ్మను దాస్తే తండ్రితో మాట మానుతుందా? నువ్వు ఏదో దాస్తున్నావు.

బొమ్మే అయితే గదిలోంచి బయటికి తియ్యి. అయిదు రోజులు, సాయంత్రం ఒక గంట షాపు వేరేవాళ్లకు అప్పజెప్పి, పద్మ పక్కన కూర్చో. వాడు ఎటు పోతాడు, ఎందుకు పోతాడు, పిల్ల ఏం అంటుంది, అన్నీ చూసినవి చూసినట్టు రాయి. మార్కుల ఊసు ఎత్తావంటే అబద్ధం రాస్తున్నావని అర్థం చేసుకుంటాను. ఉత్తరం రాకపోతే నలుగురు పెద్దమనుషులను తీసుకుని నేనే బయలుదేరతాను.

అనుమానంతోనే,
సారంగపాణి

తా.క. పెద్దమనుషులు నలుగురూ మీ ఇంట్లోనే తింటారు. అందులో ఒకాయన మామూలుగా తినడు.


హన్మకొండ,
27 ఆగస్టు 1987

బావగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చేశాను. పెద్దమనుషులను ఆపండి.

మొదటి రోజు డబ్బాను నేనే తెచ్చి టీవీ ముందు పెట్టాను. పద్మ నమ్మలేదు. "మామకు రాయాలె, సూపెట్టు" అన్నాను. అయినా వైర్లు తగిలించింది. నేను కుర్చీలో, తను కింద. కొమురెల్లి ఉరుకుతుంటే అడిగాను, "ఎటు పోతాండు?"

"కుడి దిక్కు."

"అక్కడేమున్నది?"

"పోతే గదా తెల్సేది" అన్నది. నెలరోజుల్లో నాతో అన్న మొదటి మాటలివి.

రెండో రోజు నేనూ కింద కూర్చున్నాను. మూడో రోజు పిడి నా చేతికిచ్చింది. బావగారూ, మూడు ప్రాణాలూ ఒకే గుంతలో పోగొట్టాను. పద్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని సరస్వతి గరిటెతోనే వంటింట్లోంచి వచ్చి, "ఏమైందే?" అన్నది. "బాపు సచ్చిపోయిండమ్మా, మూడుసార్లు!" అన్నది పద్మ. సరస్వతి గరిటె నా వైపు తిప్పి, కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది. నాలుగో రోజు కరెంటు లేదు. అయినా ఇద్దరం చీకటి తెర ముందు కాసేపు కూర్చున్నాం. ఎందుకో తెలియదు.

అయిదో రోజు వాన. నాలుగు గంటలకే గదిలో మసక. పద్మ కొమురెల్లిని గుట్టలన్నీ దాటించి, నేను ఎన్నడూ చూడని చోటికి తీసుకుపోయింది. అక్కడ ఒక చెరువు. గుంతలు లేవు, రాళ్లు పడవు. నీళ్లు మెల్లగా కదులుతుంటాయి. గది గోడలు, గూట్లో గ్లాసులు, పద్మ మొహం, అన్నీ నీలమయ్యాయి. బయట వాన చప్పుడు ఎక్కడో దూరంగా, వేరే ఊళ్లో పడుతున్నట్టుంది. మేం కూడా నీళ్ల అడుగునే కూర్చున్నామని అనిపించింది. కొమురెల్లి ఒడ్డున నిలబడ్డాడు. పద్మ పిడి వదిలేసింది.

"ఆడవేందే?"

"గింతే బాపు. నేను గిక్కడిదాకా వస్త. వచ్చి కూసుంట. ఈడ ఎవ్వరు కొట్టరు, ఎవ్వరు ఉరకమనరు."

మళ్లీ తనే అన్నది. "నాకు లెక్కలు అర్థమైతలేవు బాపు. అందరు మళ్ల ఫస్టే రావాలంటాన్రు. రాకపోతే?"

బావగారూ, మీకు కూడా తెలియని సంగతి ఒకటి ఉంది. నేను ఆరో తరగతిలో లెక్కలు తప్పి, భయపడి బడి మానేశాను. మా నాయన షాపులో పని ఎక్కువై మాన్పించాడని అందరికీ చెప్పుకున్నాను. ఆ చెరువు ముందు కూర్చుని నా బిడ్డకు నిజం చెప్పాను. పద్మ నా వైపు తిరిగింది. "మరి గిన్నెల లెక్క ఎట్ల చేస్తవ్?" అన్నది. "భయపడుకుంటనే చేస్త" అన్నాను.

మర్నాడు మా వీధిలో లెక్కల సారు సాంబయ్య గారి దగ్గరికి ఇద్దరం పోయాం. పొద్దున గంట ఆయన దగ్గర, సాయంత్రం గంట మా ఇద్దరికీ డబ్బా. డబ్బాను గదిలో పెట్టే పని లేదు, తాళం లేదు.

మీ బావ,
వెంకట్రాజం

తా.క. అంతసేపు ఒడ్డున నిలబడితే కొమురెల్లికి కాళ్లు గుంజవా అని అడిగాను. పద్మ నన్ను జాలిగా చూసి, "బాపు, వాడు బొమ్మ" అన్నది.


పాలంపేట,
10 అక్టోబర్ 1987

ప్రియమైన బావకు,

నీ ఉత్తరాన్ని సమ్మమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారీ చదవమన్నది.

ఇప్పుడు నేనొక నిజం చెప్పాలి. కోపం చేసుకోకు. నీ ఉత్తరం తడిసింది నిజం. మొదటిసారి నేను భయపడ్డదీ నిజం. ఆ తర్వాతవేవీ నిజం కావు. గుంతలో పడ్డవాడు ఎవడో నాకు ఆగస్టు ఒకటో తారీఖుకే తెలుసు. తాళం తియ్యమని నిన్ను తిట్టిన తిట్లు రాసేటప్పుడు నేను నవ్వుతూనే ఉన్నాను. పొయ్యి ముట్టించలేదన్న సమ్మమ్మ ఆ పూట గారెలు చేసింది. కట్టయ్యకు నీ షాపులో ఏం అడగాలో నేర్పి పంపిందీ ఆమెనే.

నాకు ఎట్లా తెలిసిందంటావా? తాళం సంగతి రాసిన నీ ఉత్తరాన్ని పోస్ట్ డబ్బాలో వెయ్యమని పద్మ చేతికిచ్చావు. దానితో పాటు తనూ ఒక కార్డు రాసి వేసింది. అందులో ఉన్నది ఉన్నట్టు కింద రాస్తున్నాను.

"మామా, కొమురెల్లి మనిషి కాడు, టీవీల బొమ్మ. నువ్వు పరేషాన్ కాకు. కాని బాపుకు ఈ సంగతి చెప్పకు. నీకు జవాబు రాయాలని మొన్న బాపు నా పక్కన కూసోని, కొమురెల్లి ఏ ఊరోడే, ఏం తింటడే అని అడిగిండు. పదో తరగతిల పడ్డకాంచి బాపు నన్ను మార్కులు తప్ప ఇంకేం అడగలే. ఆ సాయంత్రం కోపమైండు గాని, పొద్దున మంచిగనే ఉన్నడు. ఇంక రెండు మూడు ఉత్తరాలు గిట్లనే తెల్వనట్టు రాయవా?"

ఆ పిల్ల అడిగింది అంతే బావా. నేను రాశాను.

మొన్న ఇంకొక కార్డు వచ్చింది. క్వార్టర్లీలో లెక్కలు అరవై ఒకటట. ఎన్ని వచ్చాయో ఎవరికీ చెప్పకుండా నువ్వు వీధంతా మైసూర్‌పాక్ పంచావట. "ఇంక ఉత్తరాలు అక్కర లేదు మామా, బాపు ఊకెనే కూసుంటాండు" అని రాసింది.

అన్నీ తెలిసిన,
సారంగపాణి

తా.క. సోమవారం బస్సుకు నేనూ సమ్మమ్మా వస్తున్నాం. ఆ చెరువుకు అలుగు ఎటు పక్కనుందో, దాని కింద ఎన్ని ఎకరాలు పారుతుందో పద్మను కనుక్కుని ఉంచమను.