నలభై మాటల పలక

రేవు మ్యూజియం, వెనక గది
జనవరి పన్నెండు, సోమవారం

చిరంజీవి బుజ్జమ్మకు,

అన్నయ్య దీవెనలు. బావగారికి నమస్కారాలు, చిలకమ్మకు ముద్దులు. మీ వదినా నేనూ కులాసాగానే ఉన్నాం. మీరంతా బాగున్నారని నిన్న ఫోన్లో విన్నాను కాబట్టి ఆ ముక్క మళ్లీ అడగను.

నిన్న మాట్లాడినవాడు ఇవాళ ఉత్తరం రాయడమేమిటి, అదీ ఆఫీసు చిరునామాకి, అని నువ్వు కంగారు పడతావని తెలుసు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది, పక్కన నాన్న చెవులు రిక్కించి కూర్చుంటారు. చూపు మసకబారినప్పటి నుంచి ఆయన చెవులకు పదును ఎక్కువైంది. కిందటిసారి మీ వదిన ఇక్కడ వంటింట్లో ఏదో గొణుక్కుంటే, అక్కడి నుంచి ఆయన జవాబు చెప్పారు. అందుకని ఇది ఒక్కదానివే చదువు. చదివాక ఇంటికి తీసుకెళ్లకు.

మూడు రోజుల్లో చూడదగ్గ మ్యూజియంలు ఏవో రాసి పంపమన్నావు. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో మ్యూజియం వస్తువుల పక్కన పెట్టే వివరాల పలకలు రాసే అన్నయ్యని కాక ఇంకెవర్ని అడుగుతావులే.

ముందు తాళ్ల షెడ్డుకి వెళ్లండి. ఓడలకి తాళ్లు పేనిన పాత కర్మాగారం అది. తాడు ఎంత పొడుగు కావాలో షెడ్డు కూడా అంత పొడుగు ఉండాలట, ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేసరికి కాళ్లు లాగుతాయి. మధ్యలో బెంచీలున్నాయి. ముట్టుకోవద్దు అనే బోర్డు లేని మ్యూజియం ఈ ఊళ్లో అదొక్కటే. నార, తారు కలిసిన వాసన తలుపు దగ్గరే ఎదురొస్తుంది, నాన్నకి కళ్లతో పని లేదు. అక్కడొక పెద్దావిడ చేత్తో తాడు పేని చూపిస్తుంది, వచ్చినవాళ్లని కూడా పిడి తిప్పమంటుంది. నాన్న ఊరుకుంటారా, ముడులు వెయ్యడంలో ఆవిడకే పాఠం మొదలుపెడతారు. ఒక పూట గడిచిపోతుంది. గడిచిపోవాలి.

తర్వాత సుంకాల భవనం. దొంగ సరుకు దాచి తెస్తే పట్టుకున్న వస్తువులన్నీ అక్కడున్నాయి. అడుగు కింద ఇంకో దొంగ అడుగున్న పెట్టెలు, లోపల తొలిచిన పుస్తకాలు, మడమలో గూడు కట్టిన బూట్లు. ఒక బొమ్మ కడుపులో పదిహేడు చేతిగడియారాలు దొరికాయి. ఆ పలక రాసింది నేనే. “పట్టుబడినప్పుడు అన్నీ నడుస్తున్నాయి, ఏ రెండూ ఒకే సమయం చూపించలేదు” అని ముగించాను. మా క్యూరేటర్ మేడం నవ్విన ఒకే ఒక్క పలక అది. చిలకమ్మ దాని ముందు నుంచి కదలదు చూడు.

దీపస్తంభం మ్యూజియానికి నాన్నని తీసుకెళ్లకు, నూట అరవై నాలుగు మెట్లు. రోజూ నడుస్తున్నానని చెబుతూ ఉంటారుగా బావగారు, ఆయన్ని పంపించు, నిజం తేలిపోతుంది. పటాల ఇల్లు నీకు నచ్చుతుంది. నావికుల కోసం గీసిన పాత పటాలు. సముద్రమంతా లోతు చెప్పే చిన్న చిన్న అంకెలతో నిండిపోయి ఉంటుంది, నేల మాత్రం ఖాళీ కాగితం. మనం పుట్టి పెరిగిన వీధి కూడా ఆ తెల్లటి చోటులోనే ఎక్కడో ఉంది. కానీ అన్నీ అద్దాల వెనక, నాన్నకి విసుగు. ఆయన్ని బయట కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లాలి. తెరచాపలు కుట్టినావిడ ఇల్లు శనివారం పొద్దున మాత్రమే తెరుస్తారు, రెండు గదులే. అరచేయంత సూదులు, ఆ సూదిని నెట్టడానికి చేతికి తొడుక్కునే తోలుపట్టీ, కిటికీ పక్కన ఆవిడ కూర్చున్న చోట అరిగిన నేల. నేను చూసినవాటిలో నాకు బాగా ఇష్టమైనది అదే. అక్కడ పలకలే లేవు.

ఇవన్నీ నింపాదిగా చూస్తే మీ మూడు రోజులూ ఇట్టే అయిపోతాయి. మా మ్యూజియం పేరెత్తలేదని నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాన్నని ఇక్కడికి తీసుకురావద్దు, బుజ్జమ్మా. ఇది చెప్పడానికే ఇంత ఉత్తరం.

ఎందుకో చెబుతాను. కిందటి నెల మా లాంచీ హాలు తెరిచారు కదా, నాన్న సరంగుగా నడిపిన లాంచీ చుక్కాని చక్రాన్ని రేవు గోదాములోంచి తీసి, తుడిచి, హాలు నడిబొడ్డున నిలబెట్టారు. అద్దం లేదు, చేత్తో ముట్టుకోవచ్చు. ఆ సంగతి నేనే సంబరంగా ఫోన్లో చెప్పాను, ఆయన ప్రయాణం పెట్టుకున్నది అందుకే. కానీ నాన్నకి చక్రం కన్నా దాని పక్కనున్న పలక ముఖ్యం. లాంచీ మునిగిన రోజు దీపం వెలగలేదని అందులో రాసి ఉంటుందని ఆయన నమ్మకం. మీ వీధిలో అందరికీ చెప్పేశారని నువ్వే అన్నావు. నా సంగతి నా కొడుకే రాశాడు, ఇంక ఎవడేమంటాడో చూస్తాను అన్నారట.

ఆ పలక మీద ఉన్నది మక్కీకి మక్కీ ఇది:

“ప్రయాణికుల లాంచీ చుక్కాని చక్రం. ఇరవై ఆరేళ్లు రేవు దాటించిన ఈ లాంచీ ఒక చలికాలపు తెల్లవారుజామున రేవు ముఖద్వారం దగ్గర రాతిగుట్టను ఢీకొని మునిగిపోయింది. ఇద్దరు ప్రయాణికులు మరణించారు. సరంగు దారి అంచనా తప్పడం వల్ల ప్రమాదం జరిగింది.”

అంతే. మేడం పంపిన చిత్తులో చివర ఇంకో వాక్యం ఉంది. “గుట్ట మీది హెచ్చరిక దీపం ఆ రోజు వెలగలేదని సరంగు చెప్పాడు.” అది పలక మీదికి రాలేదు. మా దగ్గర ఒక నియమం ఉంది, ఏ వస్తువుకైనా నలభై మాటలు మించకూడదు. చూడ్డానికి వచ్చినవాళ్లు అంతకన్నా ఎక్కువసేపు నిలబడి చదవరట. నా ఉద్యోగమంతా కోత కొయ్యడమే. రాజుగారి పడవైనా, చేపలవాళ్ల గాలమైనా నలభై మాటల్లో సర్దాలి. హాలు తెరవడానికి ముందు వారంలో అరవై పలకలు కోశాను, ఆ కోతలో చోటు చాలక ఆ వాక్యం పోయింది.

ఇందులో నా దురదృష్టం ఇంకొకటి ఉంది. పది రోజుల క్రితం సుంకాల భవనం నేలమాళిగలో పాత రిజిస్టర్లు సర్దే పని నాకు అప్పగించారు. రేవు దీపాలు చూసే మనిషి రోజూ రాసిన పుస్తకం చేతికి తగిలింది. ప్రమాదం జరిగిన నెల తిప్పాను. ఆ తేదీ దగ్గర, దానికి ముందు రెండు తేదీల దగ్గర కూడా ఒకటే మాట. “గుట్ట దీపానికి బ్యాటరీ రాలేదు. వెలిగించలేదు.” ఆ పుస్తకాన్ని విచారణవాళ్లు అడగనే లేదు కాబోలు. ఆ మూడు తేదీలూ మళ్లీ మళ్లీ తిప్పి చూశాను. ముప్పై నాలుగేళ్లుగా దీపం లేదురా, దీపం లేదురా అని ఆయన మొత్తుకుంటూనే ఉన్నారు. లైసెన్సు తీసేసినప్పుడూ అదే అన్నారు, గోదాము గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకుంటూ పదిహేనేళ్లు కూర్చున్నప్పుడూ అదే అన్నారు. ఊరంతా మాత్రం కునుకు తీశాడంది.

పుస్తకం పట్టుకుని మేడం దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ శ్రద్ధగా చదివి, చాలా మంచి ఆధారం, జూన్లో కమిటీ కూర్చున్నప్పుడు పెడదాం అన్నారు. మేడం, మా నాన్న వచ్చే వారాంతంలో వస్తున్నారు అన్నాను. ఒక్కరి కోసం పలక మారిస్తే రేపు ప్రతి కుటుంబం వచ్చి మార్చమంటుంది, మీకు తెలియనిదేముంది అన్నారు. తెలుసు, ఇరవై రెండేళ్లుగా ఆ మాట వచ్చినవాళ్లకి చెప్పింది నేనే. పలకేమో ఇత్తడిది, చెక్కి మరలు బిగించేశారు. మరమ్మతులో ఉంది అని కాగితం మీద రాసి దాని మీద అతికించాను. మా హాలు కాపలా ఆయన్ని అందరం నిక్కచ్చి మనిషి అంటాం, గంట తిరక్కుండానే దాన్ని పీకి, మడతపెట్టి నా బల్ల మీద పెట్టాడు. సార్, ఎవరో ఆకతాయిలు అతికించారు, మీ చేతిరాతని కూడా అనుకరించారు అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాళ్లావేళ్లా పడదామన్నా ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియని పని ఇది.

అందుకే నిన్ను బతిమాలుతున్నాను. తాళ్ల షెడ్డులో ఆలస్యం చెయ్యి, మధ్యాహ్నం నిద్రపోనివ్వు, మా మ్యూజియానికి సెలవని చెప్పు. ఇవేవీ కుదరవని నాకు తెలుసు, ఆయన పట్టు పడితే నువ్వేం చేస్తావు. తప్పక తీసుకురావలసి వస్తే, పలక నువ్వు చదువు. ఎలాగూ ఇప్పుడు ఆయనకి పేపరూ మందు సీసాలూ అన్నీ నువ్వే చదువుతున్నావు కదా. చివర్లో దీపం వాక్యం కలిపి చదివెయ్యి, పైన రాశాను చూడు, కంఠస్థం చెయ్యి. చిలకమ్మని మాత్రం ముందే పక్క హాల్లోకి పంపించు. దుకాణం బోర్డు కనిపిస్తే చాలు పైకి చదివే పిల్ల. మా పలకలు పిల్లలకి అందే ఎత్తులోనే ఉండాలని పట్టుబట్టినవాణ్ని కూడా నేనే.

ఆ పూట నేను హాల్లో ఉండను. కొలతలు తీసుకునే పని మీద బయటికి వెళ్లానని చెప్పు. నన్ను పిరికివాడనుకుంటే అనుకో. నాన్న ఆ చక్రం మీద చెయ్యి వేసి, ఇంక చదవండమ్మా అని తలెత్తి నిలబడితే నేనక్కడ ఉండలేను. ఆయనకి రుజువు అక్కర్లేదు బుజ్జమ్మా, ఆయనకి తెలుసు. నలుగురూ చదివే చోట ఆ ఒక్క ముక్క ఉంటే చాలనుకున్నారు. ఎనభై ఒకటో ఏట ఆయన అడిగింది ఇదొక్కటే, అది నా చేతిలో ఉన్నప్పుడు జారిపోయింది, ఇప్పుడు నా చేతిలో లేదు.

మీ రైలు వచ్చేసరికి స్టేషన్లో ఉంటాను. నాన్నకి ఉన్ని టోపీ మర్చిపోవద్దు, ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది.

ఇట్లు,
ఎప్పుడూ నీకే పని చెప్పే
మీ అన్నయ్య

తా.క. ఉత్తరం కవర్లో పెట్టి అంటించాను. మళ్లీ చింపాను. నీకు కూడా అబద్ధం రాసి పంపితే ఇంక నిజం చెప్పడానికి నాకెవరూ మిగలరు.

చోటు చాలక ఆ వాక్యం పోయిందని రాశాను కదా. పలక మీద ఉన్న మాటలు ఇరవై తొమ్మిది. తీసేసిన వాక్యంలో తొమ్మిది. రెండూ కలిపినా ముప్పై ఎనిమిదే, కావాలంటే లెక్కపెట్టుకో. చోటుంది. చిత్తు నా బల్ల మీదికి వచ్చిన రోజున ఆ వాక్యం చదివి, కునుకు తీసిన మనిషి చెప్పుకునే సాకు ఇత్తడి మీద ఎందుకులే అనుకుని కొట్టేశాను. ఊరు అన్నదే నేనూ నమ్మాను, బుజ్జమ్మా. నువ్వు అప్పటికి చిన్నపిల్లవి. లైసెన్సు పోయిన రోజు నాన్న నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నువ్వైనా నమ్ముతావురా అని అడిగారు. నమ్ముతాను నాన్నా అన్నాను. అప్పుడు నాకు పదిహేడేళ్లు. ఆ పుస్తకం దొరికే దాకా ఒక్క రోజు కూడా నమ్మలేదు.

నిన్న ఫోన్లో నువ్వు తలుపు తియ్యడానికి వెళ్లినప్పుడు నాన్న ఒక మాట అన్నారు, నువ్వు వినలేదు. పలక బుజ్జమ్మ చదవక్కర్లేదురా, రాసినవాడివి నువ్వే పక్కన నిలబడి చదువు, నీ నోటితో వింటాను అన్నారు.

సరే నాన్నా అన్నాను.