రాండల్ ట్రక్కుకి మొదటి గీత

ఒరేయ్ రాండల్,

దూడ కాలికి కట్టు కట్టారు. కుంటుతూనే పాలు తాగుతోంది. నువ్వు అడగలేదనుకో, అయినా చెబుతున్నాను.

నువ్వు అడిగింది వేరే. "అక్కా, దూడని నా ట్రక్కులోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లామని ఊళ్లో చెప్పవా, నీకు పుణ్యముంటుంది" అన్నావు. అబద్ధమాడటానికి నాకేం అభ్యంతరం లేదురా. కానీ ఆ దూడ నా బుల్లి బ్యాటరీ కారు వెనక సీట్లోంచి తల బయటపెట్టి, మెయిన్ రోడ్డు పొడుగునా అరుచుకుంటూ వెళ్లింది. ఏడాదిగా నా కారుని బొమ్మబండి అని ఏడిపించిన దాణా కొట్టు హోయ్ట్ దాన్ని చూసి టోపీ తీశాడు.

ట్రక్కు లేనివాడు టెక్సాస్‌లో మగాడే కాదంటావు. నీదేమో ఇల్లంత ఉంటుంది, ఎక్కడానికి మెట్టు కావాలి. ఆరోజు దూడ కోసం నీ ట్రక్కు అడుగుదామని ఫోన్ చేస్తే ఏమన్నావు? "ఇప్పుడే కడిగానక్కా, వెనక తొట్టి గీసుకుపోతుంది." నాన్న ట్రక్కు మీద గీత లేని చోటు లేదు. నీ తొట్టిలో ఇంతవరకు గడ్డిపరక కూడా పడలేదు.

అందుకే ఇవాళ నువ్వు చర్చిలో గొంతు చించుకుని పాడుతుండగా నీ ట్రక్కు తీసుకెళ్లాను. పాటల పుస్తకం చాటున తాళాలు అందించింది మీ ఆవిడే. పన్నెండు ఇనప కంచె స్తంభాలు తొట్టిలో పడేసి మా ఇంటికి చేరవేసుకున్నాను. బండిని మళ్లీ ఉన్నచోటే పెట్టి, ఈ ఉత్తరం వైపరు కింద ఉంచుతున్నాను.

వెనక్కి వెళ్లి చూడు. మొదటి గీత పడిపోయింది. ఇక భయపడాల్సిందేం లేదు, వాడుకో.

అక్క