హవ్వాకు మూడో వంతు

బిస్మిల్లా.

కడప జిల్లా రాయచోటిలో పుట్టి, ఇరవై ఏళ్ళకు పైగా సౌదీ అరేబియా జిజాన్ పట్టణంలో కాపురం చేసి, ప్రస్తుతం కొడుకు ఇకామా (నివాస అనుమతి) మీద అదే ఊళ్ళో ఉంటున్న, మర్హూం (కీర్తిశేషుడు) దూదేకుల అల్లాబకాష్ భార్య దూదేకుల రోషన్ బీ అనే నేను, గుండె తడబడుతున్నా మతి తడబడని స్థితిలో, ఒకరి ఒత్తిడి లేకుండా, ఒకరి మెప్పు కోరకుండా, నా వారసులకోసం చెప్పి రాయించిన వీలునామా ఇది. నా చేయి వణుకుతుంది కాబట్టి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే జగిత్యాల అమ్మాయి ఊర్మిల రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. నా మాటలను బాగుచేయవద్దన్నాను.

ఇప్పుడే ఎందుకు అని నా కొడుకు జబీ అడిగాడు. సరిహద్దు అవతల యెమెన్‌లో మళ్ళీ యుద్ధం మొదలైంది. విమానాలు మా కప్పుల మీదుగా పోతున్నాయి. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. డాక్టరు నా గుండె గురించి నాతో కాకుండా నా కూతురితో మాట్లాడుతున్నాడు. ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

1. ముందుగా నా అప్పులేమైనా ఉంటే తీర్చాలి. నన్ను జిజాన్‌లోనే పాతిపెట్టాలి. శవాన్ని పెట్టెలో వేసి రాయచోటికి పంపే పని పెట్టుకోవద్దు.

2. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత రాయచోటిలో ఉన్న నా తమ్ముడు దస్తగిరికి అప్పగిస్తున్నాను. వాడు మెత్తటివాడు. అందుకే చెబుతున్నాను, దస్తగిరీ, నలుగురూ కూర్చుని నిన్ను ఒప్పించబోతే లేచి బయటికి పో. వాదించవద్దు. వాదిస్తే నువ్వు ఓడిపోతావు.

3. రాయచోటిలో మా నాయన నాకిచ్చిన మూడు గదుల ఇల్లు, నా గాజులు, కమ్మలు, కుట్టుమిషను, ఇవే నా ఆస్తి. ఇందులో మూడింట రెండు వంతులు షరియత్ ప్రకారం నా కొడుకు జబీకి, కూతురు ఖాలిదాకు చెందుతాయి. వాళ్ళ నాయన పనిముట్ల పెట్టె మాత్రం జబీ ఒక్కడిదే. దాన్ని తుప్పు పట్టనివ్వకుండా ఇన్నేళ్ళూ నూనె రాసింది వాడే.

4. కుట్టుమిషను ఖాలిదాకు. దానికి కుట్టు రాదు. నేర్చుకోమని చెప్పడం కూడా మానేశాను. అయినా దానికే. నా కమ్మలు కూడా దానికే, వాటా లెక్కలోనే.

5. మిగిలిన మూడో వంతును వారసులు కానివాళ్ళకు రాసే హక్కు షరియత్ నాకిచ్చింది. ఆ హక్కును చివరి పైసా వరకు వాడుకుంటున్నాను. రాయచోటి ఇంట్లో వీధివైపు గది, నా రెండు బంగారు గాజులు హవ్వాకు, ఆమె తరువాత ఆమె పిల్లలకు చెందాలి. చట్టం అడ్డొస్తే గది కాగితాల్లో ఖాలిదా పేరున ఉండవచ్చు. కానీ వాళ్ళు వచ్చి ఉంటామంటే, ఎన్నాళ్ళుంటారని అడిగే హక్కు ఎవరికీ లేదు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచును ఎవరూ ఆ మాట అడగరు.

హవ్వా ఎవరో రాయచోటివాళ్ళకు తెలియదు. తెలియకుండా ఉంచారు కాబట్టి ఇక్కడ రాయిస్తున్నాను.

ఖాలిదా పుట్టింది 1990లో, కువైట్ గొడవ మొదలైన ఏడాది. మేమున్న సందులో అందరూ యెమెనీలే. రొట్టెల కొట్టు వాళ్ళది, ఇస్త్రీ కొట్టు వాళ్ళది, నాకు పురుడు పోసింది కూడా యెమెనీ ఆమే. ప్రభుత్వాల మధ్య చెడింది. చలికాలం రాకముందే వాళ్ళంతా పరుపులు, ఫ్రిజ్‌లు, మేకలు లారీలకెక్కించుకుని సరిహద్దు దాటిపోయారు. సందులో మిగిలింది మేమూ, ఎదురింటి హవ్వా వాళ్ళూ. హవ్వా ఇక్కడే పుట్టింది. వాళ్ళ తాతలు ఎర్రసముద్రం అవతలి నల్లవాళ్ళు, హజ్జుకని వచ్చి నిలిచిపోయారు. ఆమె ఆసుపత్రి బట్టలు ఉతికేది. మా ఇంట్లో ఆమెకు పేరుండేది కాదు. రంగును బట్టి 'కర్రిది' అనేవాళ్ళు.

జనవరిలో బాంబులు మొదలయ్యాయి. అవి మాకు చాలా దూరంలో పడేవి కానీ భయం దగ్గరే ఉండేది. మా ఆయన నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. కంపెనీ ఆయనను ఉత్తరాన హఫర్ అల్ బాతిన్ వైపు, సైనికుల శిబిరాలకు పంపింది. ఇంట్లో నేనూ, నా తోడికోడలు సురయ్యక్కా, బావా, పిల్లలూ. నాకు మలేరియా పట్టుకుంది. పాలు ఎండిపోయాయి. యుద్ధమని జనం పాలడబ్బాలు కొని దాచుకున్నారు. బావ అంగళ్ళన్నీ తిరిగి ఒట్టి చేతులతో వచ్చాడు. చక్కెరనీళ్ళు పడితే పాప కక్కేసింది. ఏడ్చి ఏడ్చి దాని గొంతు పోయింది.

ఏడుపు ఆగిందనే హవ్వా భయపడి వచ్చింది.

చంకలో తన కొడుకు ఇద్రీస్‌తో గడపలో నిలబడి, నా మొహం చూసి, పాపను చూసి, నేల మీద కూర్చుని చేయి చాచింది. "హాతీ" అంది. ఇలా ఇవ్వు అని.

సురయ్యక్క అడ్డం వచ్చింది. "ఇయ్యొద్దు రోషనూ. కర్రిదాని పాలు తాగిన పిల్లను రేపు ఎవురు చేసుకుంటారు?"

"బతికితే కదక్కా చేసుకునేది," అని నేను పాపను ఇచ్చాను. చేతుల్లో బలం లేక దాదాపు జారవిడిచాను. హవ్వా పట్టుకుంది.

నేను లేచి తిరిగేదాకా రోజూ వచ్చింది. ఒక పక్క ఇద్రీస్, ఒక పక్క ఖాలిదా. ఆ విధంగా మా మతం, మా దీన్ ప్రకారం ఆమె నా బిడ్డకు తల్లి అయింది, ఇద్రీస్ అన్న అయినాడు. మా ఆయనకు ఫోనులో చెబితే, "పాలిచ్చినామె తల్లి. దాంట్లో మళ్ళా రంగేందే?" అన్నాడు. ఆ మాట అన్న మనిషే ఇంటికొచ్చాక తన అన్న ముందు నోరు తెరవలేదు. ఈ సంగతి ఊరికి పోకూడదని బావ అంటే తల ఊపాడు. అల్లాబకాష్, నీ మీద నాకున్న ప్రేమకు ఇది కూడా రాయిస్తున్నాను. నేను మాత్రం ఆ రోజు నుంచీ ఆమెను అందరి ముందూ హవ్వక్కా అనే పిలిచాను.

ఇప్పుడే కిటికీ అద్దాలు అదిరాయి. ఊర్మిల కలం ఆపింది. రాయమ్మా అన్నాను.

2010లో ఖాలిదాకు జిజాన్‌లోనే స్థిరపడిన హైదరాబాదువాళ్ళ సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు తండ్రికి ఏసీ సామాన్ల కొట్టుంది, జబీ అందులోనే పనిచేసేవాడు. మేము దూదేకులవాళ్ళం. మా ఇంట్లో తెలుగే. ఉర్దూ సరిగా రాదు, మీరేం ముసల్మానులని మొహం మీదే అన్నవాళ్ళను చూశాను. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చున్నాను. మనకు తగిలిన దెబ్బే ఇంకొకరిని కొట్టడానికి మనవాళ్ళకు చేయి ఎట్లా వస్తుందో ఈ రోజుకీ నాకు అంతుబట్టదు.

పెళ్ళికి ముందు ఆడవాళ్ళ వేడుక. హవ్వా కొత్త బట్టలు కట్టుకుని, ఈ ఊరి మల్లెపూలు బుట్ట నిండా తెచ్చింది. వాకిట్లోనే పెళ్ళికొడుకు మేనత్త ఆమెను పైనుంచి కిందికి చూసి, "బర్తన్ పీఛే హై," అంది. గిన్నెలు వెనక ఉన్నాయి, పోయి కడుగు అని. సురయ్యక్క పక్కనే ఉంది. తల దించుకుంది. హవ్వా బుట్టతోనే వెనక్కి నడిచింది.

నేను లేచాను. ధైర్యం అంటే గుండె గట్టిపడుతుందని విన్నాను, అదేం లేదు. గోడ పట్టుకుని నడిచాను. హవ్వా చేయి పట్టి లోపలికి తెచ్చి, నాకొచ్చిన ఉర్దూలోనే చెప్పాను, ఈమె ఖాలిదాకు పాలిచ్చిన తల్లి, బిడ్డ పక్కన ఈమె కూర్చుంటుంది అని.

పెళ్ళికొడుకు తల్లి నన్ను కాకుండా సురయ్యక్కను చూసి, "నిజమేనా?" అని అడిగింది. సురయ్యక్క కొంగు సర్దుకుని పక్కకు జరిగింది. అన్నాలు వడ్డించకముందే వాళ్ళు వెళ్ళిపోయారు. జబీ ఉద్యోగం పోయింది. "నీ న్యాయానికి నా కూడు పోయిందమ్మా," అన్నాడు. వాడన్నది అబద్ధం కాదు. ఖాలిదా కొన్ని వారాలు నాతో మాట్లాడలేదు. తరువాత కర్నూలు పిల్లవాణ్ణి చేసుకుని ఇప్పుడు సుఖంగానే ఉంది, కానీ ఆ వారాలు ఉన్నాయి కదా, అవి ఎక్కడికీ పోవు.

హవ్వా మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె కోపంతో వచ్చింది. ఇన్నేళ్ళలో నేను నేర్చిన అరబ్బీకి ఆమె మాటలు బాగానే అర్థమయ్యాయి.

"నన్ను అడిగినావా, రోషన్? అంతమందీ నన్ను చూశారు. నీకేమో ధైర్యవంతురాలివని పేరు. నాకేం మిగిలింది?"

"మరి నేనేం చేయాలక్కా?"

"రేపు కూడా రా. ఎవరూ చూడనప్పుడు రా."

అప్పటి నుంచీ వెళ్తున్నాను. కుట్టుమిషను ఆమె వసారాకు మోయించి అక్కడే కుట్టాను. మొదట్లో ఆమె అత్త నా చేతి టీ తాగలేదు. హిందీవాళ్ళు, అంటే మన దేశంవాళ్ళు, తమను చూసి ముక్కు మూసుకుంటారని ఆమెకూ ఒక లెక్క ఉంది, ఆ లెక్క తప్పు కాదు. నా ఇంట్లో ఎవరైనా 'కర్రిది' అంటే అన్నం ముందు నుంచి లేచిపోయేదాన్ని. చుట్టాలు రావడం తగ్గించారు. కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. మా వీధి అమీరున్నీసా, హైదరాబాదు ఆమె, జాకెట్టు తీసుకోవడానికి వసారాకు వచ్చి, ఎండగా ఉందని కూర్చుని, తరువాత తరచుగా వస్తోంది. ఇదంతా కలిపితే ఎంత? చాలా తక్కువ. నాకు తొందరగా ఉంది. పని నెమ్మదిగా ఉంది.

6. మా ఆయన యుద్ధం నుంచి తెచ్చుకున్న ఉన్ని కోటు ఇద్రీస్‌కు. జిజాన్ ఉక్కలో అది ఎవరికీ పనికిరాలేదు. ఇద్రీస్ కొండల మీద అభాలో పనిచేస్తున్నాడు, అక్కడ చలి. నాయనా, భుజాల దగ్గర వదులు చేశాను. నీకు సరిపోతుంది.

7. పెద్ద రాగి డేక్సా సురయ్యక్కకు. అక్కా, నీ మీద నాకు కోపముంది. ఆ మలేరియాలో నా నుదుటి మీద తడిబట్ట మార్చుతూ కూర్చున్నదానివీ నువ్వే. రెండూ నాకు గుర్తున్నాయి. ఏది ఎక్కువో తూచలేక డేక్సా ఇస్తున్నాను. అడుగు పల్చబడింది, సన్న మంట మీద పెట్టు.

8. నాకు చివరి స్నానం చేయించే చేతులు హవ్వావి, సురయ్యక్కవి, ఖాలిదావి కావాలి. ఈసారి హవ్వాను ముందే అడిగాను. "నువ్వే ముందు పోతావని ఎవరు చెప్పారు?" అంది. తరువాత, "సురయ్యా నీళ్ళు అందిస్తే నేను పోస్తాను," అంది. సురయ్యక్కను అడిగితే, లేచి వంటింట్లోకి పోయి, గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. కాదనలేదు. ఎవరినీ బలవంతపెట్టవద్దు.

9. జబీకి. నువ్వు ఐదో అంశం మీద గొడవ పడతావని తెలుసు. "ఊళ్ళో ఏమని చెప్పేది? మన ఇంట్లో వాళ్ళెవురని అడిగితే?" అంటున్నావు. మా చెల్లెలికి పాలిచ్చిన తల్లీ, అన్నా అని చెప్పు. చెప్పడం కష్టంగా ఉంటుంది. మొదటిసారే అంత కష్టం, తరువాత కొంచెం తగ్గుతుంది. పూర్తిగా పోతుందని నేను చెప్పను.

మొన్న శుక్రవారం సరిహద్దు వైపు మోతలు ఎక్కువైనప్పుడు నువ్వు కారు తాళాలు తీసుకుని బయటికి పోయావు. ఎక్కడికో చెప్పలేదు. తిరిగొచ్చి, "ఆమె రానంటాంది. ఇంట్లోనే ఉంటాదంట. ఇద్రీస్‌కు ఫోన్ చేసి చెప్పినా," అన్నావు. ఆ పెళ్ళి చెడినప్పటి నుంచి హవ్వక్క గడప తొక్కనివాడివి. లోపలికి పోయావా అని అడిగాను.

"చెప్పులిడిసి పోయినా. రెండు క్యాన్లు నీళ్ళు పెట్టినా. ఖావా ఇచ్చింది, తాగినా. అంతే. గది సంగతి మాత్రం నేనొప్పుకోను."

నీకు అన్నం పెట్టాను. జబీ, ఒప్పుకోకుండానే పో. మళ్ళీ మళ్ళీ పో.

ఇంతకు ముందు నేను వేరే వీలునామా రాయలేదు. ఊర్మిల దీన్ని మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదివి వినిపించగా, నా మాటలేనని ఒప్పుకుని, ఇద్దరి ఎదుట సంతకం పెడుతున్నాను. అక్షరాలు వంకరగా వస్తే అది చేతి దోషం.

జిజాన్, 2015 ఏప్రిల్ 17, శుక్రవారం, సాయంత్రపు అసర్ నమాజు తరువాత.

(సంతకం) దూదేకుల రోషన్ బీ

దస్తూరి: ఊర్మిల, స్టాఫ్ నర్సు. స్వస్థలం జగిత్యాల.

సాక్షులు:

ఒకటి. అమీరున్నీసా, స్వస్థలం హైదరాబాదు. తెలుగు చదవడం రాదు, వింటే అర్థమవుతుంది. విన్నాను.

రెండు. దూదేకుల సురయ్యా, రాయచోటి. మొత్తం చదివించుకుని విన్నాను. నాకు నచ్చనివి ఉన్నాయి. అబద్ధం లేదు.