డాబా మీద పోయించిన నల్లమట్టి

శాలినీ, కాలేజీ నుంచి రాగానే ముందు తాతయ్యని ఆయన గదిలోంచి రేకుల వసారాలోకి తీసుకురా. డాబా మీద నువ్వేసిన తోట బరువంతా ఆ గది మీదే ఉంది. పొద్దుటి నుంచి వాన వదల్లేదు. శ్లాబు కింద చెమ్మ దిగి, సన్నగా బీట కనబడుతోంది. నువ్వు మాత్రం పైకెక్కకు. ఎలీషా మేస్త్రి ఫోనెత్తట్లేదు. ఆ శ్లాబు పోసింది ఆయనే కదా, పెంటపాడు వెళ్లి వెంటబెట్టుకొస్తాను.

నీకు చెప్పని మాట ఒకటుందమ్మా. నువ్వు బరువు లెక్కేసి కొబ్బరిపొట్టు, ఊకబూడిద కలిపి పరిచావు కదా. నువ్వు పరీక్షలకని ఏలూరులో ఉన్నప్పుడు నేనది తీయించేసి, కొల్లేరు చేపలచెరువు నల్లమట్టి జానెడు ఎత్తున పోయించి, నీకు తెలియకుండా పైన పల్చగా పొట్టు చల్లించాను. పొట్టులో ఏం మొలుస్తుందిలే అనుకున్నాను. మా అమ్మ ఆ మట్టిలో పెట్టిన ఆనపపాదు ఇంటికప్పంతా అల్లుకునేది మరి. తడిస్తే ఇంత బరువెక్కుతుందని తట్టలేదు.

తాతయ్యని రెండుసార్లు లేపాను. "వానకి జడిసి మంచం మార్చడమేంటే సత్యవతీ" అని అటు తిరిగి పడుకున్నారు. అసలు సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అన్నం, చేపలపులుసు పొయ్యి పక్కనున్నాయి. ఆయన్ని లేపాకే తిను.

ఎంతకీ లేవకపోతే, తప్పు మామ్మదేనని చెప్పెయ్యి. నలభై ఏళ్లుగా నా తప్పొకటి దొరక్కపోతుందా అని చూస్తున్నారు. అది వినడానికైనా లేచొస్తారు.