నేనింకా శవాన్ని కాలేదు వదినా

వేలాంకుళం,
12-7-1995, బుధవారం.
ఆని నెల ఇరవై ఎనిమిదో రోజు.

కీళపట్టిలో కొడుకింట ఉంటున్న మా వదిన విరుమాయికి, వేలాంకుళం పేచ్చియమ్మ చేతులు జోడించి చెప్పుకునేది. ఇక్కడ నేను, నా కూతురు అళగు, అల్లుడు, రెండు మేకలు అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ, నీ మోకాళ్ళూ, కొడుకూ కోడలూ బాగుండాలని మన కరుప్పసామికి దండం పెట్టుకుని ఇది రాయిస్తున్నాను.

చెయ్యి బాలవాడి టీచరు కనగానిది, మాట నాది. నువ్వు ఈ వయసులో పలక పట్టి అక్షరాలు నేర్చుకున్నావని ఊరంతా చెప్పుకుంటోంది. అందుకే దీన్ని పెద్దపెద్ద అక్షరాలతో రాయమన్నాను. కాగితాలు అయిపోతున్నాయని గొణుగుతోంది. గొణగనీ.

ఇరవై నాలుగేళ్ళ తర్వాత పేచ్చి దగ్గర్నుంచి ఉత్తరమేమిటి, ముసల్ది మంచాన పడిందా అని కంగారుపడతావేమో. అదేం లేదు. పొద్దున్నే ఎండుచేపల పులుసుతో రెండు రాగిముద్దలు తిని కూర్చున్నాను. సంగతేమిటంటే, వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకి, మా వాకిట్లో పందిరి కింద, నా ఒప్పారి నేను పాడించుకుంటున్నాను. నా చావుకి పాడాల్సిన ఏడుపు పాట, నేను వింటూ ఉండగా. డప్పులవాళ్ళతో మాట్లాడేశాను. కొబ్బరాకులు వచ్చి పడ్డాయి. ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని వాటిని అల్లుతున్నారు. వదినా, నా పెళ్ళికి కూడా నాకింత సంబరం లేదు. అప్పుడు భయమే ఎక్కువ.

ఈ బుద్ధి ఎలా పుట్టిందో చెబుతాను. కిందటి నెల కొళుందవేలు తాత పోయాడు. తొంభై దాటిన పండు చావు కదా, టపాకాయలు, పూలపాడె, అంతా పెళ్ళి ఊరేగింపులాగే జరిగింది. వాడి కూతుళ్ళు గుండెలు బాదుకుంటూ, అడిగినవాడికి అడిగినంత కొలిచిపోసిన నాయనా అని ఎత్తుకున్నారు. జన్మలో ఎవరికీ గుప్పెడు గింజలు పెట్టినవాడు కాదు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకున్నాను. ఆ నవ్వులోనే వాడి ముఖం కేసి చూస్తే ముక్కులో దూది, చెవిలో దూది. అంత గొప్పగా పాడుతుంటే వినాల్సిన ఆ ఒక్కడికే వినబడట్లేదు. నువ్వు ఊరొదిలేదాకా నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో ప్రతి శవం దగ్గరా గొంతెత్తాం నువ్వూ నేనూ. ఒక్కడైనా లేచి బాగా పాడావే పేచ్చీ అన్నాడా? అప్పుడే అనుకున్నాను, నా పాట నేను విని తీరాలి, తప్పుంటే దిద్దాలి, నేను చెయ్యని మంచి నా నెత్తిన పెడితే అక్కడికక్కడే ఆపాలి అని.

చిన్నప్పుడు నీకు గుర్తుందా, మీ అత్త మనిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని పాట నేర్పేటప్పుడు? చావంటే మనకి తమలపాకులు, జనం, ఇంటి పని తప్పడం. మరోసారి ఎవరు పోతారా అని ఎదురుచూసేవాళ్ళం పాపిష్టివాళ్ళం. తర్వాత నీ రెండో పిల్ల పోయింది. ఆ రోజు మనిద్దరం ఒక్క పాదం కూడా ఎత్తుకోలేదు. అప్పుడు తెలిసింది అది మనింటికి కూడా వస్తుందని. నలభైల్లో, యాభైల్లో నేను పడ్డ భయం ఇంకెప్పుడూ పడలేదు. ఎవరి శవం దగ్గర కూర్చున్నా, దానికంటే నేనెన్నేళ్ళు పెద్ద, ఎన్నేళ్ళు చిన్న అని లెక్కపెట్టుకునేదాన్ని. ఇప్పుడు అడుగు, నాకు డెబ్భై ఎనిమిది. నాకంటే పెద్దవాళ్ళు ఊళ్ళో ఇద్దరే, ఇద్దరికీ చెవుడు. భయం ఎటు పోయిందో నాకే తెలీదు. మూట సర్దుకుని బస్సు కోసం నించున్నట్టుంది. బస్సు ఆలస్యమైతే విసుగొస్తోంది కూడా. ఈ మాట రాయనని కనగం పెన్ను పైకెత్తి, అవ్వా, అశుభం అంది. నీకు ముప్పై ఏళ్ళు, నీకు అశుభమే, నాకు కాదు, రాయి అన్నాను. రాసింది.

ఊరు ఊరుకుంటుందా? అల్లుడు వెళ్ళి ఊరిపెద్ద సోలైయప్పన్ చెవిన వేశాడు. పంచాయతీ పెట్టారు. బతికున్న మనిషి మీద శోకాలు తీస్తే ఊరికి కీడన్నారు. ఆడి నెల పుట్టగానే అమ్మవారి జాతరకి కాప్పు కంకణం కట్టాలి, ఆ తర్వాత ఏడుపు పాట ఊళ్ళో వినబడకూడదు అన్నారు. అందుకేగా ఆదివారం పెట్టుకున్నాను, సోమవారం గదా ఆడి పుట్టేది అన్నాను. నీకు మతి పోయిందే ముసలీ అన్నాడొకడు. వాడి తాతకీ, వాడి నాయనకీ పాడింది నేనే, ఆ వరసలో వాడికీ పాడి గానీ పోనన్నాను. 

చివరికి సోలైయప్పన్ ఒక మెలిక పెట్టాడు. ఒక్కదానివే కూర్చుని పాడుకుంటే అది పిచ్చి. పద్ధతి ప్రకారం అడిగే గొంతు ఒకటి, జవాబు చెప్పే గొంతు ఒకటి ఉండాలి. జవాబు నువ్వే చెప్పుకో, అడిగేది మాత్రం నీ జోడీయే కావాలి. విరుమాయిని తీసుకొచ్చి కూర్చోబెట్టు, మేం అడ్డు చెప్పం అన్నాడు. మీసం కింద నవ్వుతూ అన్నాడు. నువ్వు రావని వాడి ధీమా. ఊరందరి ధీమా కూడా అదే. నువ్వు రాకపోతే పందిరి పీకించేస్తారు, నా పాట నేను వినకుండానే పోతాను. అందుకే ఈ ఉత్తరం.

ఇక మన తగువుకి వస్తాను. దాటేస్తాననుకున్నావా?

మా ముత్తుకరుప్పన్ అన్న, నీ మొగుడు, పోయిన రోజు నేను తప్పు పాడాను. కాదనను. చచ్చినవాడికి మనం ఏమవుతామో ఆ వరసలోనే పాడాలి, వరస తప్పితే చెయ్యి విరిచేస్తానని మీ అత్త చెప్పేది. ఆయన్ని వరసకి అన్నా అని పిలిచినదాన్ని, చెల్లెలి పాట ఎత్తాల్సినదాన్ని, నిండు జనంలో, నీ పక్కన కూర్చుని, పెళ్ళాం పాడాల్సిన పాట పాడాను. 'నా పసుపుతాడు నానిపోయిందే, నా నుదుటి పొద్దు కుంకిపోయిందే' అని ఎత్తుకున్నాను. రెండు పాదాలు పాడాక గానీ నాకే తెలియలేదు. డప్పు ఆగిపోయింది. నువ్వు ఏడుపు ఆపి నా వైపు తిరిగిన చూపు నాకిప్పటికీ గుర్తే.

నువ్వన్నది కూడా గుర్తే. "లేవే, నా మొగుడి పక్కనుంచి లే. నీ శవం మీద నా గొంతు లేవదు. ఈయన మీద ఒట్టు" అన్నావు.

నేను అప్పుడూ చెప్పాను, ఆ వారంలో చుట్టుపక్కల ఊళ్ళలో అయిదు చావులు, అయిదింటికీ పాడి పాడి పాటలు కలగలిసిపోయాయి, నాలుక జారింది అని. నువ్వు నమ్మలేదు. నాకూ నీ మొగుడికీ ఏదో ఉందని నువ్వు అనలేదుగానీ, నువ్వు అననిది ఊరంతా అంది. నువ్వు ఊరొదిలి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయావు. నేను ఇక్కడే ఉండి ఆ మాటలు పడ్డాను.

సరే, ఇప్పుడు నా వాదన విను. నువ్వు ఏమని ఒట్టేశావు? శవం మీద గొంతు లేవదన్నావు. నేను శవాన్నా? రాగిముద్ద తింటున్నాను, అల్లుడితో పోట్లాడుతున్నాను, నిన్న మేక పారిపోతే గట్టు దాకా తరిమాను. ఆదివారం పది గంటలకి కూడా, కరుప్పసామి దయ వల్ల, శవాన్ని కాను. కాబట్టి నువ్వొచ్చి పాడితే నీ ఒట్టు చెడదు, నీ మొగుడి మీద నీ మాట నిలిచే ఉంటుంది. రేపు నేను నిజంగా పోయినప్పుడు రాకు, పాడకు, అప్పుడు ఒట్టు నిలబెట్టుకో. సోలైయప్పన్ పంచాయతీలో పెట్టినా ఈ వాదనకి ఎదురు లేదు. కనగం కూడా ఒప్పుకుంది, చదువుకున్న పిల్ల.

పొద్దున ఏడింటి బస్సెక్కు, ఎనిమిదిన్నరకి చింతతోపు దగ్గర దిగుతావు. నేనే వచ్చి నిలబడతాను. మీ ఊరి మల్లెపూలు నాలుగు మూరలు తే. పాట వినేటప్పుడు తలనిండా పెట్టుకుని కూర్చుంటాను. అళగు ఇప్పటికే నా కోసం ఎర్రచీర కొని పెట్టెలో పెట్టింది, నాయన అండమాన్‌లో ఉన్నా ముత్తైదువ చావే మా అమ్మది, పసుపు రాసి సాగనంపాలని అందరికీ చెప్పుకుంటోంది. ఆ చీర మాట ఇప్పుడెందుకులే.

నువ్వొస్తావు. నాకు తెలుసు.

ఇట్లు,
నీ జోడీ గొంతు,
పేచ్చియమ్మ, వేలిముద్ర.

తా.క.: అంటించిన కవరు మళ్ళీ చింపించాను. ఇక్కణ్ణించి నీ కోడలి చేత చదివించకు, కూడబలుక్కుని నువ్వే చదువు.

నాలుక జారలేదు వదినా. అయిదు చావులన్నది అబద్ధం. ఆ వారం రెండే చావులు. ఒకటి మీ ఇంట్లో, ఒకటి మా ఇంట్లో.

మీ ఆయన గురువారం పోయాడు. అంతకు రెండు రోజుల ముందు, మంగళవారం, అండమాన్ నుంచి ఒక మనిషి మా వాకిట్లోకి వచ్చాడు. అప్పటికి పదిహేనేళ్ళ కింద ఓడరేవు పనికని వెళ్ళిన అళగు నాయన, మా చిన్నాండి, జ్వరంతో పోయాడని చెప్పి, ఆయన తోలు పొగాకు సంచీ నా చేతిలో పెట్టి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఎవరూ లేరు. అళగు పెళ్ళి ఇరవై రోజుల్లో ఉంది, తాంబూలాలు పంచేశాం. నా తాడు తెగితే ఆ పెళ్ళి ఆగిపోతుంది, ఆగిన పెళ్ళి పిల్లని ఎవడు చేసుకుంటాడు? సంచీ రాగుల కుండలో అడుగున పెట్టి, బొట్టు దిద్దుకుని నీళ్ళకి వెళ్ళాను. రెండు రోజులు ఒక్క చుక్క కంటనీరు రానివ్వలేదు. తర్వాత మీ వాకిట్లో డప్పు మోగింది. నీ మొగుడి పక్కన కూర్చున్నాను, నా మొగుడికి పాడాను. అంతే జరిగింది.

పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత అళగుకి కాన్పు. తర్వాత చెప్పడానికి నువ్వు లేవు. ఇరవై నాలుగేళ్ళు బొట్టు పెట్టుకుని పేరంటాళ్ళలో కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఊరిని మోసం చేశాను, ఫర్వాలేదు, బతకడానికి చేశాను. ఆ ఎర్రచీర కట్టించుకుని, పసుపు రాయించుకుని, నా కాళ్ళకి పడుచుపిల్లలు మొక్కుతుంటే పాడె మీద కూడా అబద్ధమాడలేను. ఆయన ఎదురొస్తే ఏ ముఖం పెట్టుకుని నిలబడను?

కనగం ఏడుస్తూ రాస్తోంది, అక్షరాలు తడిస్తే నువ్వే సర్దుకో. అళగుకి శనివారం చెబుతాను.

ఆదివారం నువ్వు, మామూలుగా అడిగినట్టే, పోయినవాళ్ళు నీకేమవుతారే అని నన్ను అడుగు. ఆ పాట నేను ఆరోజు రెండు పాదాలే పాడాను, మిగతాది ఇన్నేళ్ళుగా నాలోనే ఉంది. మొత్తం పాడతాను, వరస తప్పకుండా. పాడాక నా మెడలో తాడు నువ్వే తెంపు. ఇంకెవరి చెయ్యీ నాకొద్దు.

నాకెంత ఆత్రంగా ఉందో వదినా, పందిరి కింద ఇప్పుడే వెళ్ళి కూర్చోవాలనిపిస్తోంది.

మల్లెపూలు తేవద్దు.