ఒక్క గంట కొడితే ఆపాలి

మాజ్రి బొగ్గుగని క్వార్టర్లు, 1994 సెప్టెంబరు, బుధవారం రాత్రి

పక్క క్వార్టరు సమ్మయ్య సాయంత్రం గాభరాగా వచ్చి పిలిచాడు. కేబుల్ టీవీ వచ్చాక ఇంటింటికీ కొత్త సరదాలు. మొగుడూ పెళ్లామూ ఇష్టపడి ఆడుకున్న ఆటలో, బట్టలారేసే నైలాన్ తాడుతో రాజవ్వ చేతులు కట్టాడట. ముడి బిగుసుకుపోయింది. గనిలో తాళ్లతోనే బతికినవాణ్ణి, నవ్వకుండా కత్తెరతో కోశాను. ఆమె వేళ్ల తిమ్మిరి చాలాసేపటికి గానీ పోలేదు.

"ఇగ గీ ఆట బంద్ కాకా," అన్నాడు సమ్మయ్య.

"బంద్ ఎందుకు? నాకూ ఇష్టమే," అంది రాజవ్వ మొగుడితో. "ఆపుమంటే ఉత్తగనే అంటున్ననని నవ్వుకుంట కూసున్నవు. గదే నాకు మండింది."

అసలు సంగతి ముడి కాదన్నమాట. గనిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు, అంటే చిన్న బండ్లు, లాగే ఇంజనుకు గంట ఉండేది. అది ఒక్కసారి మోగితే ఇంజను ఆపాలి. కొట్టింది కొత్త కూలీ అయినా సరే, ఎందుకని అడగకూడదు. ఇదంతా చెప్పి, ఆ ఇంజను డ్రైవరు మీసాల సంగతి ఎత్తుకోబోయాను.

"మీసాలు తర్వాత, కాకా," అంది రాజవ్వ.

సరేనని తేల్చి చెప్పాను. నూలు తాడే వాడాలి, రెండు వేళ్లు దూరేంత వదులుండాలి, మెడ జోలికి పోకూడదు, కత్తెర చేతికందేలా ఉండాలి. కట్టించుకున్నవాళ్లు "గంట" అంటే ఆ క్షణమే విప్పాలి.

"అయితే ముందుగాల ఈయనను కడత," అంది రాజవ్వ. సమ్మయ్య చేతులు చాపాడు.

కట్టిన మనిషిని ఒంటరిగా వదిలి బయటికి పోవద్దని చెప్పానో లేదో ఇప్పుడు గుర్తు రావడం లేదు. పొద్దున్నే తలుపు కొట్టి చెబుతాను. సిగ్గుపడితే పడనీ.